స్టార్ స్కోరర్ వెళ్ళిపోయాక హాకీ జట్టు బాగుపడిందా? నా నోట్‌బుక్ లెక్క

2018 జులై 1, కెనడా డే సెలవు. టొరంటో పక్కనున్న మిస్సిసాగాలో మా అపార్ట్‌మెంట్ బాల్కనీలో కూర్చుని మామిడికాయ తరుగుతుంటే న్యూయార్క్ దగ్గర హిక్స్‌విల్ నుంచి మా బావ ఫోన్ చేశాడు. హలో కూడా లేదు. "మా కెప్టెన్‌ని ఎత్తుకుపోయారు కదరా మీవాళ్ళు" అన్నాడు.

బావ చాలా ఏళ్ళుగా లాంగ్ ఐలండ్‌లోనే ఉంటున్నాడు. ఐలండర్స్ జట్టంటే ప్రాణం. నేను కెనడా వచ్చి అప్పటికి రెండేళ్ళు. గోడౌన్‌లో నాతో పనిచేసేవాళ్ళ పుణ్యమా అని టొరంటో జట్టు మేపుల్ లీఫ్స్ పిచ్చి అప్పుడప్పుడే అంటుకుంటోంది. చెప్పేది ఐస్ హాకీ గురించి, మన ధ్యాన్‌చంద్ హాకీ కాదు. ఆ రోజు ఐలండర్స్ కెప్టెన్ జాన్ టావరెస్ ఏడేళ్ళకు 7.7 కోట్ల డాలర్ల ఒప్పందం మీద టొరంటోకి వచ్చేశాడు. ఐలండర్స్‌కి చిల్లిగవ్వ రాలేదు. ఒప్పందం గడువు తీరింది, మనిషి వెళ్ళిపోయాడు. అతను మా మిస్సిసాగాలో పుట్టినవాడే కాబట్టి "ఇంటికొచ్చాడు బావా, ఎత్తుకురావడం ఏంటి" అన్నాను. ఆ మాటకి బావకి ఒళ్ళు మండింది. అక్టోబరులో సీజన్ మొదలయ్యేసరికి పందెం కాశాం. ఎవరి జట్టుకి పాయింట్లు తక్కువొస్తే వాళ్ళు ఇండియా వెళ్ళినప్పుడు ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు తేవాలి.

సీజన్ ముగిసేసరికి ఐలండర్స్‌కి 103 పాయింట్లు, లీఫ్స్‌కి 100. పూతరేకులు నేనే తెచ్చాను.

అక్కడితో ఊరుకుంటే బావ ఎందుకవుతాడు? "చూశావా, అతను పోయాకే మేం బాగుపడ్డాం. ఇన్నాళ్ళూ అతనే మాకు అడ్డం" అని మొదలుపెట్టాడు. పందెం ఓడినందుకు బాధ లేదు గానీ ఆ మాట మాత్రం మింగుడుపడలేదు. నా ఉద్యోగం గోడౌన్‌లో సరుకు లెక్కలు చూడటం. ఒక నెల బియ్యం అమ్మకం ఆపేసి, అదే నెల పక్కన బస్టాప్ పెడితే, నెలాఖరున లాభం పెరిగింది చూసి "బియ్యం ఆపడం మంచిదైంది" అని మా మేనేజరుకి చెప్తే నవ్వుతాడు. ఆ రాత్రే ఒక నోట్‌బుక్ తీసి గీతలు గీశాను. అప్పటినుంచి పెద్ద ఆటగాడు ఎవరు జట్టు మారినా దాంట్లో ఒక పేజీ పడుతుంది. ఆ పేజీ ఎలా నింపాలో రాస్తున్నాను. చదివాక మీ బావ మీద ప్రయోగించుకోండి.

పాయింట్ల దగ్గర మొదలుపెట్టండి, అక్కడే ఆగకండి

కొత్తవాళ్ళకి మొదట వచ్చే తికమక 'పాయింట్' అన్న మాటతోనే. ఆటగాడి పాయింట్లు వేరు, జట్టు పాయింట్లు వేరు. ఆటగాడు గోల్ కొడితే ఒకటి, గోల్‌కి పాస్ అందిస్తే ఒకటి. జట్టుకైతే గెలిస్తే రెండు, అరవై నిమిషాల్లో ఓడితే సున్నా, స్కోరు సమమై ఆడించే ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో ఓడితే ఒకటి. 2025-26 దాకా మామూలు సీజన్‌లో 82 మ్యాచ్‌లు, అంటే జట్టుకి రాగలిగిన పాయింట్లు 164.

పేజీ పైన రెండు వరుసలు రాయండి. వెళ్ళకముందు సీజన్, వెళ్ళాక సీజన్. ఐలండర్స్‌కి 2017-18లో 35 గెలుపులు, 37 ఓటములు, 10 ఓవర్‌టైమ్ ఓటములు, మొత్తం 80 పాయింట్లు. 2018-19లో 48, 27, 7, మొత్తం 103. ఇంతవరకూ బావ మాటే కరెక్టు. 23 పాయింట్లు పెరగడం చిన్న విషయం కాదు.

సీజన్ మధ్యలో ఆగిపోయిన ఏడాదైతే పాయింట్లు పక్కపక్కన పెట్టకూడదు, శాతం తీయాలి. కొలంబస్ జట్టు 2019లో ఆర్టెమీ పనారిన్‌ని పోగొట్టుకుంది. అతను న్యూయార్క్ రేంజర్స్‌కి ఏడాదికి 1.16 కోట్ల డాలర్ల పైచిలుకు జీతానికి వెళ్ళాడు. అంతకుముందు కొలంబస్‌కి 98 పాయింట్లు, తర్వాత 81. పడిపోయిందనిపిస్తుంది. కానీ కరోనా వల్ల ఆ రెండో ఏడాది ఆడింది 70 మ్యాచ్‌లే. శాతం తీస్తే మొదటిది దాదాపు 60, రెండోది దాదాపు 58. అంటే ఉన్నచోటే ఉంది. అదే వేసవిలో వాళ్ళు గోలీ (గోల్ కాపలాదారు) బొబ్రోవ్‌స్కీని కూడా పోగొట్టుకున్నారు. అలాంటప్పుడు ఉన్నచోటే ఉండటం కూడా గొప్పే.

గోల్స్‌ని రెండు గంపల్లో వేయండి

నా పేజీలో ఎక్కువ పని చేసే గడి ఇదే. కొట్టిన గోల్స్ ఒక గంపలో, ఇచ్చిన గోల్స్, అంటే ఎదుటివాళ్ళు మన మీద కొట్టినవి, ఇంకో గంపలో వెయ్యండి. రెండూ కలిపి చూస్తే ఏమీ అర్థం కాదు.

ఐలండర్స్ 2017-18లో కొట్టినవి 264, ఇచ్చినవి 296. అన్ని గోల్స్ ఇచ్చిన జట్టు లీగ్‌లో మరొకటి లేదు. టావరెస్ లేని 2018-19లో కొట్టినవి 228, ఇచ్చినవి 196. అంత తక్కువ ఇచ్చిన జట్టు కూడా మరొకటి లేదు. తేడా మైనస్ 32 నుంచి ప్లస్ 32కి వచ్చింది. ఆ రెండు 32లూ ఎదురెదురుగా పడటం చూసి కూడిక తప్పు చేశానేమోనని మూడుసార్లు లెక్కపెట్టాను.

ఇప్పుడు విడదీసి చూడండి. టావరెస్ పని గోల్స్ కొట్టడం. చివరి ఏడాది 37 కొట్టాడు, 47 గోల్స్‌కి పాస్ ఇచ్చాడు. అతను వెళ్ళాక కొట్టే గోల్స్ 36 తగ్గాయి. అంటే అతని లోటు లోటుగానే ఉంది, దాన్ని ఎవరూ పూడ్చలేదు. పవర్ ప్లే, అంటే ఎదుటివాడు శిక్ష మీద బయట కూర్చున్నప్పుడు మనకి ఒక మనిషి ఎక్కువుండే ఆట, ఆ ఏడాది లీగ్‌లో అట్టడుగు జట్ల సరసన చేరింది. తొలి ఏడాదే 85 పాయింట్లు కొట్టిన కుర్రాడు మాథ్యూ బార్జాల్ రెండో ఏడాది 62కి దిగాడు. జట్టులో అందరికంటే ఎక్కువ ఆ 62యే. జట్టు లేచిందంతా రెండో గంపలో, ఇచ్చే గోల్స్ వంద తగ్గడంలో.

సెంటర్, అంటే ముందు వరుసలో మధ్యన ఆడేవాడు వెనక్కొచ్చి కాపు కాయాలి కాబట్టి టావరెస్ బద్ధకం వల్లే గోల్స్ పడేవని బావ ఒక వాదన లాగాడు. ఒక మనిషి మ్యాచ్‌లో ఇరవై నిమిషాలు ఐస్ మీద ఉంటాడు. మిగతా నలభై నిమిషాలు బెంచ్ మీదే. వంద గోల్స్‌ని ఒక్క మనిషి నెత్తిన రుద్దడం కుదరదు బావా అన్నాను.

అదే వేసవిలో ఇంకేం మారింది?

పేజీలో సగం ఈ ప్రశ్నకే వదిలిపెట్టండి. నాకు తెలిసినంతలో అందరూ తప్పు చేసేది ఇక్కడే. పెద్ద ఆటగాడు వెళ్ళడం పేపర్లో మొదటి పేజీ వార్త, గోలీ కోచ్ మారడం లోపలి పేజీ వార్త. జనానికి గుర్తుండేది మొదటిదే.

2018 వేసవిలో ఐలండర్స్‌లో ఏమేం మారాయో రాస్తే నా పేజీ చాల్లేదు. మేలో లూ లామొరియెల్లో వచ్చి జట్టు నిర్వహణ పగ్గాలు పట్టాడు. మా టొరంటో నుంచే వెళ్ళాడు, అది వేరే పుండు. జూన్‌లో బారీ ట్రాట్జ్ కోచ్‌గా వచ్చాడు. ఆయన రెండు వారాల ముందే వాషింగ్టన్‌తో స్టాన్లీ కప్, అంటే లీగ్ విజేతకిచ్చే కప్పు, ఎత్తినవాడు. ఆయన వెంట గోలీలకు పాఠం చెప్పడంలో పేరున్న మిచ్ కోర్న్ వచ్చాడు. గోలీ కోచ్‌గా పియెరో గ్రెకో వచ్చాడు. కొత్త గోలీ రాబిన్ లేనర్ ఒక్క ఏడాదికి 15 లక్షల డాలర్లకు వచ్చాడు. తన మానసిక అనారోగ్యం గురించి, మద్యం అలవాటు గురించి ఆ సెప్టెంబరులోనే అందరి ముందూ చెప్పుకున్న మనిషి.

వీటన్నిటిలో టావరెస్ వెళ్ళడం వల్ల జరిగింది ఏది? ఒక్కటీ లేదు. ట్రాట్జ్ వచ్చింది జూన్‌లో, టావరెస్ వెళ్ళింది జులైలో. కెప్టెన్ ఉండిపోయినా ఆ కోచ్ వచ్చేవాడే.

కోచ్ వల్ల అని నోటిమాటగా అంటే చాలదు, ఒక రుజువు కావాలి. దానికి నా చిట్కా ఒకటుంది. రెండు సీజన్లలోనూ ఉన్న మనిషిని పట్టుకోండి. మనిషి మారలేదు, అంకె మారింది అంటే చుట్టూ ఏదో మారినట్టు. ఐలండర్స్‌లో ఆ మనిషి గోలీ థామస్ గ్రైస్. 2017-18లో అతని సేవ్ శాతం .892. అంటే వెయ్యి షాట్లు వస్తే 108 లోపలికి పోయాయి. 2018-19లో .927. వెయ్యికి 73. అదే మనిషి, అవే కాళ్ళు, అవే ప్యాడ్లు. వెయ్యి షాట్లకి 35 గోల్స్ తేడా. లేనర్‌ది .930. ఇద్దరూ కలిసి ఆ ఏడాది తక్కువ గోల్స్ ఇచ్చిన గోలీలకిచ్చే జెన్నింగ్స్ ట్రోఫీ పట్టుకెళ్ళారు. ట్రాట్జ్‌కి ఉత్తమ కోచ్ అవార్డు వచ్చింది.

ఈ గడి నింపి ఫొటో తీసి బావకి పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు మాత్రం మూడు రోజుల తర్వాత వచ్చింది: "అయినా అతను పోవడమే మంచిదైంది."

కాల్గరీ కథలో ఇదే గడి తిరగబడి పనిచేస్తుంది. 2022 వేసవిలో ఆ జట్టు ఇద్దరు పెద్ద స్కోరర్లను పోగొట్టుకుంది. జానీ గాడ్రో ఒప్పందం తీరి, జట్టుకి బదులేమీ రాకుండా కొలంబస్‌కి వెళ్ళిపోయాడు. మాథ్యూ కచక్ ఇక ఉండనన్నాడు కాబట్టి ఫ్లోరిడాకి పంపి జొనాథన్ హ్యూబర్డో, మెకెంజీ వీగర్, ఇంకో కుర్రాడు, ఒక మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపిక (కొత్త కుర్రాళ్ళని పంచుకునేటప్పుడు ఒకణ్ణి ఎంచుకునే హక్కు) తీసుకున్నారు. 111 పాయింట్ల జట్టు 93కి పడింది, రెండంటే రెండు పాయింట్ల తేడాలో ప్లేఆఫ్స్ పోయాయి. స్కోరర్లు వెళ్ళారు కాబట్టి పడింది అని గబుక్కున రాసేస్తాం. కానీ అదే ఏడాది వాళ్ళ గోలీ యాకబ్ మార్క్‌స్ట్రోమ్ సేవ్ శాతం .922 నుంచి .892కి జారింది. వెయ్యి షాట్లకి 30 గోల్స్. పైగా 17 మ్యాచ్‌లు ఓవర్‌టైమ్‌లోనో షూటౌట్‌లోనో పోయాయి. గోలీ పాత ఏడాదిలా నిలబడి ఉంటే ఆ రెండు పాయింట్లు ఎక్కడో ఒకచోట దొరికేవి. స్కోరర్లు వెళ్ళినందుకు నష్టం లేదని నేననను. మొత్తం నష్టం వాళ్ళ ఖాతాలో రాయొద్దంటున్నా.

డబ్బు గడి

ఇది కొంచెం నిదానంగా చదవండి. ఎక్కువ జీతం తీసుకునేవాణ్ణి వదులుకుంటే జట్టు బాగుపడుతుంది అనే వాదనకి ప్రాణం ఇక్కడే ఉంది, తప్పులు కూడా ఇక్కడే ఎక్కువ.

ఈ జట్లన్నీ ఆడే లీగ్ ఎన్‌హెచ్ఎల్‌లో జీతాలకి గట్టి పరిమితి ఉంది. ఐపీఎల్ వేలంలో ఒక్కో జట్టుకి పర్సు ఇంత అని ఉంటుంది కదా, అలాంటిదే. దాన్ని సాలరీ క్యాప్ అంటారు. 2018-19లో అది 7.95 కోట్ల డాలర్లు. యజమాని ఎంత డబ్బున్నవాడైనా దాటడానికి లేదు. అందుకే ఒకడికి కోటి ఇచ్చామంటే మిగతా ఇరవై మందికి కోటి తగ్గినట్టే.

జీతాన్ని డాలర్లలో రాయకండి, క్యాప్‌లో ఎన్నో వంతో రాయండి. టావరెస్‌కి టొరంటో ఇచ్చిన ఏడాదికి 1.1 కోట్లు ఆనాటి క్యాప్‌లో దాదాపు 13.8 శాతం. 2025 వేసవిలో మా మిచ్ మార్నర్ వెగాస్‌లో తీసుకున్నది ఏడాదికి 1.2 కోట్లు. ఎక్కువలా వినపడుతుంది. కానీ 2025-26 క్యాప్ 9.55 కోట్లు, అంటే దాదాపు 12.6 శాతమే. డాలర్లు చూస్తే మార్నర్ ఖరీదు, వంతు చూస్తే టావరెస్ ఖరీదు.

ఇక అసలు మెలిక. "టావరెస్ పోయాడు, 1.1 కోట్లు మిగిలాయి" అని బావ లెక్క. మిగల్లేదు. ఐలండర్స్ దగ్గర అతని పాత ఒప్పందం 2011లో రాసుకున్నది, ఏడాదికి 55 లక్షలే. ఆ రోజుల్లో అది కారుచౌక. కాబట్టి అతను వెళ్ళినప్పుడు చేతికొచ్చిన ఖాళీ 55 లక్షలు. తప్పించుకున్న భారం ఇంకో 55 లక్షలు. పేజీలో వీటికి రెండు గడులు పెట్టండి, ఒకటి అతను తీసుకుంటున్నది, ఒకటి ఉంటే ఇవ్వాల్సింది. మొదటి గడి వచ్చే ఏడాది జట్టు గురించి చెప్తుంది, రెండోది తర్వాతి ఆరేళ్ళ గురించి.

ఆ తర్వాత మిగిలింది ఎవరికి ఖర్చుపెట్టారో చూడండి. ఐలండర్స్ లేనర్‌కి 15 లక్షలు, ఫిల్పులాకి 27.5 లక్షలు, కొమరోవ్‌కి నాలుగేళ్ళు ఏడాదికి 30 లక్షల చొప్పున ఇచ్చారు. లేనర్ బేరం లాటరీ తగిలినట్టే. కొమరోవ్‌కి నాలుగేళ్ళు ఎందుకిచ్చారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. డబ్బు మిగలడం ఒక ఎత్తు, దాన్ని తెలివిగా వాడటం ఇంకో ఎత్తు. స్టార్‌ని వదిలేసి ఆ డబ్బుతో నలుగురు మామూలువాళ్ళకి పొడుగాటి ఒప్పందాలిచ్చారా, ఇక ఆ జట్టు పని అంతే.

డబ్బు ఐస్ మీదికి రాకపోవడం కూడా జరుగుతుంది. 1988 ఆగస్టు 9న ఎడ్మంటన్ ఆయిలర్స్ తన స్టార్ స్కోరర్ వేన్ గ్రెట్జ్‌కీని లాస్ ఏంజెలెస్‌కి ఇచ్చేసింది. అప్పట్లో క్యాప్ లేదు. యజమాని పీటర్ పాక్లింగ్టన్‌కి ముట్టింది 1.5 కోట్ల అమెరికన్ డాలర్లు, ఇద్దరు కుర్రాళ్ళు, మూడు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు. మరుసటి ఏడాది ఎడ్మంటన్ 99 పాయింట్ల నుంచి 84కి దిగింది. లాస్ ఏంజెలెస్ 68 నుంచి 91కి ఎక్కింది. అంతటితో ఆగకుండా ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే గ్రెట్జ్‌కీ కొత్త జట్టు పాత జట్టుని ఇంటికి పంపింది.

మారకం మీద మారకం వెంట వెళ్ళండి

ఎడ్మంటన్ కథ అక్కడ ఆపితే తప్పు లెక్క. 1990లో గ్రెట్జ్‌కీ లేకుండా ఆ జట్టే స్టాన్లీ కప్ గెలిచింది. "చూశారా, అతను లేకపోయినా గెలిచారు" అంటారు. నిజమే, కానీ ఎలా?

గ్రెట్జ్‌కీకి బదులొచ్చిన ఇద్దరిలో పేరున్నవాడు జిమ్మీ కార్సన్. అతను ఎడ్మంటన్‌లో ఉండలేనన్నాడు. 1989 నవంబరులో అతన్ని డెట్రాయిట్‌కి ఇచ్చి పీటర్ క్లీమా, జో మర్ఫీ, ఆడమ్ గ్రేవ్స్‌లతో పాటు ఇంకొకణ్ణి తెచ్చుకున్నారు. ఆ వసంతంలో గ్రేవ్స్, మర్ఫీ, గ్రెట్జ్‌కీకి బదులొచ్చిన రెండో కుర్రాడు మార్టిన్ జెలినా ముగ్గురూ ఒకే వరుసలో ఆడారు. జనం దాన్ని కుర్రాళ్ళ లైన్ అన్నారు. బోస్టన్‌తో ఫైనల్ మొదటి మ్యాచ్ మూడో ఓవర్‌టైమ్ దాకా పోతే, అప్పటిదాకా బెంచ్ మీద కూర్చున్న క్లీమా వచ్చి గోల్ కొట్టి ముగించాడు. అంటే గ్రెట్జ్‌కీ వెళ్ళినప్పుడు వచ్చిన సరుకు దాదాపు రెండేళ్ళ తర్వాత, రెండో చేతిలో పడ్డాక పనికొచ్చింది. మార్క్ మెసియర్ ఉన్నాడు, గోలీ బిల్ రాన్‌ఫర్డ్ ఉన్నాడు, అది వేరే సంగతి.

కాబట్టి పేజీలో ఒక బాణం గీయండి. వెళ్ళినవాడి నుంచి వచ్చినవాళ్ళకి, వాళ్ళ నుంచి వాళ్ళకి బదులొచ్చినవాళ్ళకి. బాణం రెండు గెంతులు వేసేదాకా తీర్పు చెప్పకండి. బదులేమీ రాకుండా వెళ్ళిపోయినవాడికి బాణం ఉండదు. ఆ ఖాళీ కూడా పేజీలో కనపడాలి.

ప్లేఆఫ్స్‌కి వేరే పేజీ

ఫ్లోరిడా పాంథర్స్ పేజీ చూస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. 2021-22లో 122 పాయింట్లు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. హ్యూబర్డో ఒక్కడే 115 పాయింట్లు కొట్టాడు. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో టాంపా చేతిలో నాలుగుకి నాలుగూ ఓడారు. వేసవిలో హ్యూబర్డోని పంపి కచక్‌ని తెచ్చారు, కోచ్‌గా పాల్ మారిస్‌ని పెట్టారు. మరుసటి ఏడాది 92 పాయింట్లు. ముప్పై పాయింట్లు ఊడిపోయాయి! ఆ ఏప్రిల్‌లో ఎవరిని అడిగినా ఫ్లోరిడా మునిగింది అనేవారు. అలాంటి జట్టు ప్లేఆఫ్స్‌లో 135 పాయింట్ల రికార్డు కొట్టిన బోస్టన్‌ని పడగొట్టి, మా లీఫ్స్‌ని తొక్కేసి, ఫైనల్‌దాకా వెళ్ళింది. ఆ తర్వాత 2024లో, 2025లో వరసగా కప్పు ఎత్తింది.

కాల్గరీకి వెళ్ళిన హ్యూబర్డో 115 నుంచి 55కి దిగాడు. ఎనిమిదేళ్ళకి 8.4 కోట్ల ఒప్పందం మాత్రం మొదటి మ్యాచ్ ఆడకముందే రాసిచ్చేశారు. పాపం కాల్గరీ అంటాను గానీ, సంతకం పెట్టించింది వాళ్ళే.

సీజన్ పేజీ ఒకటి, ప్లేఆఫ్స్ పేజీ ఒకటి అని నేను నేర్చుకున్నది ఇక్కడే. ప్లేఆఫ్స్‌లో ఒకే ఎదుటివాడితో, ఎవరో ఒకరు నాలుగు గెలిచేదాకా, ఏడుసార్ల వరకూ ఆడాలి, బరువైన ఆట, రెఫరీ ఈలలు తక్కువ. అక్కడ పనికొచ్చే మనిషి వేరు.

వెళ్ళినవాడి కొత్త జట్టుకి కూడా ఒక చిన్న గడి పెట్టండి, చాలామంది మర్చిపోతారు. టావరెస్ వచ్చిన ఏడాది లీఫ్స్ తరపున 47 గోల్స్ కొట్టాడు, అతని జీవితంలో అదే ఎక్కువ. జట్టు మాత్రం 105 పాయింట్ల నుంచి 100కి వచ్చింది. కొట్టే గోల్స్ పెరిగాయి, ఇచ్చేవి అంతకంటే పెరిగాయి. ముందు ఏడాదీ మొదటి రౌండ్‌లో బోస్టన్ చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓటమి, ఆ ఏడాదీ బోస్టన్ చేతిలో ఏడో మ్యాచ్‌లోనే ఓటమి. ఇది చూపిస్తే బావ మళ్ళీ పూతరేకుల సంగతి ఎత్తుతాడని ఆ పేజీ ఫొటో మాత్రం పంపలేదు.

నమ్మకూడనివి కొన్ని

స్టార్ గాయపడి ఆడని ఐదారు మ్యాచ్‌ల ఫలితాలు చూపించి "అతను లేకపోతే మేం గెలుస్తాం" అనేవాళ్ళని పట్టించుకోకండి. ఐదు మ్యాచ్‌లలో ఏదైనా జరుగుతుంది.

పాత ఊరికి తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌ని కూడా లెక్కలోకి తీసుకోవద్దు. 2019 ఫిబ్రవరి 28న టావరెస్ లీఫ్స్ చొక్కాలో ఐలండర్స్ స్టేడియం నాసో కొలీజియంకి వెళ్ళాడు. బావ టికెట్ కొని మరీ వెళ్ళాడు. జనం రబ్బరు పాములు విసిరారు, అతని పాత జెర్సీలు ఐస్ మీదికి గిరాటేశారు, నువ్వు మాకొద్దు అని గుండెలు పగిలేలా అరిచారు. ఐలండర్స్ 6-1తో గెలిచింది. మర్నాడు బావకి గొంతు లేదు, అక్క ఫోన్ తీసి "ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నార్రా" అని చెప్పింది. ఆ రాత్రి సరదాయే వేరు, కానీ పాయింట్ల పట్టికలో అది రెండు పాయింట్లే.

ఒక్క సీజన్ చూసి తీర్పివ్వడం కూడా అంతే. నేను మూడేళ్ళు ఆగుతాను. ఐలండర్స్ విషయంలో ఆగడం వల్ల నా మాట కొంత తప్పని కూడా తేలింది. ట్రాట్జ్ మొదటి ఏడాది పిట్స్‌బర్గ్‌ని నాలుగుకి నాలుగు కొట్టి, వెంటనే కరొలైనా చేతిలో నాలుగుకి నాలుగు ఓడితే గాలివాటం అనుకున్నాను. 2020లో కాన్ఫరెన్స్ ఫైనల్, అంటే సెమీఫైనల్ లాంటిది, ఆడారు. 2021లో సెమీఫైనల్ ఏడో మ్యాచ్‌లో టాంపాకి 1-0తో తలవంచారు. గాలివాటం అయితే మూడేళ్ళు వీచదు. నాలుగో ఏడాది 84 పాయింట్లతో ప్లేఆఫ్స్ కూడా రాలేదు, ట్రాట్జ్‌ని పంపేశారు. గోల్స్ కొట్టేవాడి లోటు ఆ మూడేళ్ళూ అలాగే ఉంది. గోలీలు, డిఫెన్స్ దాన్ని దాచాయి. నా చివరి తీర్పు ఇది: టావరెస్ వెళ్ళడం వల్ల జట్టు బాగుపడలేదు, టావరెస్ వెళ్ళినా బాగుపడింది. అతను ట్రాట్జ్ కింద ఆడి ఉంటే ఆ 1-0 ఎటు తిరిగేదో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. బావ దీనికి ఒప్పుకోడు.

ఇప్పుడు తెరిచిన పేజీ

ఇది రాస్తున్నది 2025 ఆగస్టులో. జులైలో బావ మళ్ళీ ఫోన్ చేశాడు, ఈసారి నవ్వుతూ. "ఇప్పుడు మీ వంతురా." పోయిన సీజన్‌లో 102 పాయింట్లు కొట్టిన మార్నర్ వెగాస్‌కి వెళ్ళిపోయాడు. మాకు బదులొచ్చింది సెంటర్ నికొలా రాయ్.

కొత్త పేజీలో ఇంతవరకూ రాసుకున్నవి ఇవి. వెళ్ళకముందు జట్టు పాయింట్లు 108, డివిజన్‌లో మొదటి స్థానం. ప్లేఆఫ్స్ రెండో రౌండ్‌లో ఫ్లోరిడా చేతిలో ఏడో మ్యాచ్‌లో ఓటమి. మార్నర్ టొరంటోలో తీసుకున్నది ఏడాదికి 1.09 కోట్లు, ఉంటే ఇవ్వాల్సింది 1.2 కోట్లో ఇంకా పైనో. బాణం ఒకటే, రాయ్ దగ్గర ఆగింది. వచ్చినవాళ్ళలో మాచెల్లీ, డకోటా జాషువా ఉన్నారు. హెడ్ కోచ్ క్రెయిగ్ బెరూబే మారలేదు, అది మంచి సంగతి, లెక్క తేలిక. కానీ సహాయ కోచ్ లేన్ లాంబర్ట్ సియాటిల్‌కి హెడ్ కోచ్‌గా వెళ్ళాడు. లోపలి పేజీ వార్త, ఎర్ర ఇంకుతో రాసుకున్నాను. రెండు సీజన్లలోనూ ఉండే మనుషులుగా గోలీ స్టోలార్జ్‌నీ, వోల్‌నీ పెట్టుకున్నాను. టావరెస్ మళ్ళీ సంతకం చేశాడు, ఈసారి ఏడాదికి 43.8 లక్షలకి. ఏడేళ్ళ క్రితం 1.1 కోట్ల మనిషి.

తీర్పు గడి పక్కన పెన్సిల్‌తో 2028 జూన్ అని వేశాను. బావ మాత్రం అక్టోబరు దాకా కూడా ఆగడట. ఈసారి పందెం కాకినాడ కాజాలు.